మూడో నెల దాకా చెప్పని మాట

మా ఇళ్లలో కడుపుతో ఉన్న సంగతి మూడో నెల నిండేవరకు గడప దాటదు. భర్తకు, అత్తగారికి, మహా అయితే కన్నతల్లికి తెలుస్తుంది. నలుగురికీ తెలిస్తే దిష్టి తగులుతుందని కొందరంటారు. నిలుస్తుందో లేదో తెలియని దాన్ని ముందే చాటుకోవడం ఎందుకని మరికొందరంటారు. రెండో మాటలో ఎందరో ఆడవాళ్ల అనుభవం ఉంది. పోయే గర్భాల్లో ఎక్కువ భాగం ఆ మూడు నెలల్లోనే పోతాయి. అందుకే ఆ మౌనాన్ని నేనెప్పుడూ మూఢనమ్మకమని తీసిపారేయలేదు. అయితే మగబిడ్డ మగబిడ్డగా రూపు దిద్దుకునే పనిలో అతి ముఖ్యమైన భాగం కూడా ఆ మౌనంలోనే మొదలై, అది వీడే వేళకు దాదాపు ముగిసిపోతుందని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

నిరుడు దసరా వెళ్లాక మా మేనల్లుణ్ణి శస్త్రచికిత్స కోసం విశాఖపట్నం తీసుకెళ్లాం. వాడికి అప్పటికి మూడున్నరేళ్లు దాటాయి. కుడివైపు వృషణం, మా వాడుకలో బీజం, సంచిలోకి దిగకుండా గజ్జల్లోనే ఉండిపోయింది. నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడే మా అమ్మ నలుగు పెడుతూ గమనించింది. మా ఊళ్లో చూపిస్తే, పెద్దయ్యేకొద్దీ అదే దిగుతుందిలెమ్మని ఒక వైద్యుడు పంపేశాడు. ఆ మాట మొదటి ఆరు నెలల వరకే నిజం. పుట్టినప్పుడు దిగనివాటిలో చాలావరకు ఆలోగా వాటంతట అవే దిగుతాయి. ఆ తరవాత దిగడం అరుదు. అందుకే ఆరో నెలకూ పద్దెనిమిదో నెలకూ మధ్య శస్త్రచికిత్స చేయించమంటారు. ఆలస్యమైనకొద్దీ వీర్యకణాలకు మూలమైన కణాలు తరిగిపోతాయి, పెద్దయ్యాక వృషణ క్యాన్సరు వచ్చే అవకాశం పెరుగుతుంది. మేము రెండేళ్లు ఆలస్యం చేశాం.

చేర్చుకునే ముందు ఒక కుర్ర వైద్యుడు కాగితం మీద వివరాలు రాసుకున్నాడు. నెలలు నిండి పుట్టాడా, ఎంత బరువు, గర్భంలో ఉండగా తల్లి ఏమేం మాత్రలు వాడింది, తల్లి ఏం పని చేస్తుంది. చివరి ప్రశ్నకు మా చెల్లెలు "ఇంట్లోనేనండి" అంది. ఒక క్షణం ఆగి, "పొలంలో మందు కలుపుతాను" అని చేర్చింది. అతను తలూపాడు గాని కాగితం మీద "గృహిణి" అని అప్పటికే రాసేశాడు; దాన్ని కొట్టివేయలేదు. సంతకం పెట్టింది నేనే కాబట్టి ఆ మాట నా కళ్లతో చూశాను. మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతూ చెల్లెలు అడిగింది: "అన్నయ్యా, ఆ మందులన్నీ మన కొట్లోవే కదా?"

మాది ఒడిశాలోని గుణుపురంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. నాన్నగారి తరవాత పదిహేడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. చదివింది రసాయనశాస్త్రంలో బీఎస్సీ. కాబట్టి ఆమె ప్రశ్నకు తెలియదని తప్పించుకునే వీలు నాకు లేదు.

చిరుపొట్ట దశ

ఆరో వారం వరకు ఆడ పిండానికీ మగ పిండానికీ రూపంలో తేడా కనబడదు. వై క్రోమోజోము మీద ఉన్న ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పని మొదలుపెట్టాక ఆ ఉమ్మడి కణజాలం వృషణంగా మారుతుంది. ఎనిమిదో వారం ప్రాంతంలో అందులోని లైడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనును తయారు చేయసాగుతాయి. అందులో కొంత మరింత చురుకైన రూపంలోకి మారి లింగాన్నీ మూత్రద్వారాన్నీ తీరుస్తుంది. అవే కణాలు చేసే ఇంకొక హార్మోను బీజాన్ని నడుము పైభాగం నుంచి గజ్జల దాకా దించుతుంది. గజ్జల నుంచి సంచిలోకి దిగే రెండో మజిలీ చివరి నెలల్లో, మళ్లీ టెస్టోస్టిరాన్ సాయంతోనే జరుగుతుంది.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. నన్ను ఆపేసింది 2008లో ఎడిన్‌బరోలో మిషెల్ వెల్ష్, రిచర్డ్ షార్ప్ బృందం ఎలుకల మీద చేసిన పని. టెస్టోస్టిరాన్ ప్రభావాన్ని అడ్డుకునే మందును గర్భంతో ఉన్న ఎలుకలకు వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. గర్భం పదిహేనున్నర రోజులకూ పద్దెనిమిదిన్నర రోజులకూ మధ్య అడ్డుకుంటే పుట్టిన మగపిల్లలకు మూత్రద్వారం తప్పుచోట ఏర్పడింది, బీజాలు దిగలేదు. ఆ తరవాత అడ్డుకుంటే ఈ లోపాలు రాలేదు. విచిత్రమేమంటే, ఆ అవయవాలు కంటికి కనబడేలా రూపు కట్టేది ఆ మూడు రోజులు గడిచిన తరవాతనే. అంటే ఆదేశం ముందు వెళ్తుంది, పని తరవాత జరుగుతుంది. ఆదేశం వెళ్లే వేళ తప్పితే తరవాత ఎంత హార్మోను ఉన్నా సరిదిద్దలేదు. మనిషిలో ఆ గడువు సుమారు ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం వరకు ఉంటుందని వారి అంచనా.

వరి పండించేవారికి ఇది వింత కాదు. చిరుపొట్ట దశలో, అంటే కంకి ఇంకా కాండం లోపలే రూపు కడుతున్నప్పుడు, తడి అందకపోతే తరవాత చెరువుకు గండి కొట్టి పారించినా కంకి నిండదు.

గుదద్వారానికీ జననేంద్రియానికీ మధ్య ఉండే దూరం మగపిల్లల్లో ఆడపిల్లలకన్నా సుమారు రెట్టింపు. ఆ వారాల్లో టెస్టోస్టిరాన్ ఎంత బాగా పనిచేసిందో చెప్పే గుర్తుగా ఈ కొలతను వాడతారు. అమెరికాలో షానా స్వాన్ 2005లో 85 మంది మగపిల్లలను కొలిచి, గర్భంతో ఉండగా ఎవరి తల్లుల మూత్రంలో థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నాయో ఆ పిల్లల్లో ఈ దూరం తక్కువగా ఉందని చూపారు. థాలేట్లంటే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి, సువాసన నిలవడానికి కలిపే రసాయనాలు. ఆ పరిశోధన తరవాతే ప్లాస్టిక్ డబ్బాలో వేడి అన్నం పెట్టవద్దు, పాలిథిన్ కవరులో టీ కట్టించుకోవద్దు అనే జాబితాలు మన ఆదివారం అనుబంధాల్లోకి వచ్చాయి. ఆ జాబితాలతో నాకు తగాదా లేదు గాని, వాటిలో మా చెల్లెలు ఎక్కడా లేదు.

ఖాతా పుస్తకం

మేనల్లుడు ఫాల్గుణ మాసంలో పుట్టాడు; మార్చి నెల. వెనక్కి లెక్కవేస్తే ఆ ఎనిమిది నుంచి పద్నాలుగు వారాలు ఆగస్టు మొదటి వారానికీ సెప్టెంబరు సగానికీ మధ్య పడతాయి. శ్రావణం, భాద్రపదం. మా వైపు పత్తికి పిచికారీ ముమ్మరంగా సాగే రోజులు అవే, వరికి తెగులు మందు కొట్టే రోజులూ అవే. ఒకప్పుడు ఈ రాయగడ జిల్లా మెట్టల మీద చోడి, సామ, కంది, జొన్న కలిపి చల్లుకునేవారు. వాటికి మందు కొట్టే అవసరమే ఉండేది కాదు. పత్తి వచ్చాక మా దుకాణం గిరాకీ మారింది. ఇందులో నా లాభం కూడా ఉందని చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

విశాఖ నుంచి తిరిగి వచ్చిన వారానికి ఆ ఏటి అప్పుల ఖాతా తీశాను. మా బావ పేరు మీద ఆగస్టు రెండో వారంలో ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్. ఆ నెలాఖరున ప్రొఫెనోఫాస్ ఒక లీటరు. సెప్టెంబరు మొదట్లో వరికి కార్బెండజిమ్ అరకిలో, టెబుకొనజోల్ పావు లీటరు. రాత నాదే. పక్కన "చెల్లికి ఇచ్చి పంపడమైనది" అని కూడా నేనే రాసుకున్నాను.

మందు ఎలా కలుపుతారో చూడనివారికి చెప్పాలి. గెడ్డ నుంచి రెండు బిందెలతో నీళ్లు మోసి గట్టు మీది డ్రమ్ములో పోయాలి. పొడి మందును ముందు చిన్న బకెట్లో కొద్ది నీళ్లతో ఉండకట్టకుండా కలపాలి. కర్రతో తిప్పితే ఉండలు విడవవు గనక చేత్తోనే నలుపుతారు. దాన్ని పాత చీరముక్కలో వడగట్టి డ్రమ్ములో కలుపుతారు, లేకపోతే నాజిల్ పూడుకుపోతుంది. ఆ గుడ్డను పిండేదీ చేత్తోనే. మా చెల్లెలి గాజుల అంచున తెల్లగా పట్టిన పొడిని ఆ ఏడు వినాయక చవితికి పుట్టింటికి వచ్చినప్పుడు మా అమ్మ చింతపండుతో తోమించింది. పిచికారీ కొట్టేది మగవాడే. ముక్కుకు తువ్వాలు కట్టుకునేది, రెండో రోజు తల తిరుగుతోందని పడుకునేది, అందరికీ కనబడేది అతనే. మందు కలపడం, ట్యాంకు నింపడం, సాయంత్రం ఆ తడిసిన బట్టలు ఉతకడం ఇంటిపనిలో జమ. ఆసుపత్రి కాగితం మీద గృహిణి అని రాసినతన్ని నేను పెద్దగా తప్పుపట్టలేకపోతున్నాను. ఇన్నేళ్లు నేనూ అలాగే లెక్కవేశాను.

ఖాతాలో రాసినవన్నీ దోషులని చెప్పబోవడం లేదు. ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్ నరాల మీద పనిచేసే మందులు. వాటి మీద ఉన్న ప్రధానమైన ఆరోపణ వేరు. టెబుకొనజోల్ సంగతి వేరు. అది ఏ కుటుంబానికి చెందిన తెగులు మందో ఆ కుటుంబం బూజు కణాల్లో ఒక ఎంజైమును ఆపి పనిచేస్తుంది. దానికి దగ్గరి చుట్టాలైన ఎంజైములే మన ఒంట్లో హార్మోన్లను తయారుచేస్తాయి. డెన్మార్కులో గర్భంతో ఉన్న ఎలుకలకు దీన్ని ఇచ్చినప్పుడు మగ పిండాల వృషణాల్లో టెస్టోస్టిరాన్ తగ్గింది. అయితే వారు ఇచ్చిన మోతాదు పొలంలో మనిషి ఒంటికి తగిలేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. దుకాణదారుగా నేను పట్టుకుని వేలాడదలచిన కొమ్మ కూడా ఇదే. కాని అక్కడివారే 2009లో టెస్టోస్టిరాన్‌ను వేర్వేరు దారుల్లో అడ్డుకునే నాలుగు రసాయనాలను కలిపి ఇచ్చి చూశారు. ఒక్కొక్కటి విడిగా పెద్దగా హాని చేయని మోతాదుల్లోనే, నాలుగూ కలిసేసరికి మగపిల్లల అంగాల్లో లోపాలు స్పష్టంగా బయటపడ్డాయి. మన డ్రమ్ములో పడేది ఎప్పుడైనా ఒక్కటేనా? పురుగుకూ తెగులుకూ వేర్వేరుగా కొట్టడానికి కూలి దండగని మూడు మందులు ఒకేసారి కలపమని సలహా ఇచ్చేది మేమే.

డెన్మార్కు ఆడకూలీలు

ఎలుకల సంగతి పక్కన పెట్టి మనుషుల దగ్గరకు వస్తే, అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కదిలించింది 2008లో డెన్మార్కు నుంచే వచ్చిన ఒక పరిశోధన. అక్కడి గాజుగృహాల్లో పూలమొక్కలు పెంచే పనిలో ఉన్న ఆడవాళ్లకు పుట్టిన మగపిల్లలను పరీక్షించారు. పుట్టిన మూడో నెలలో చూస్తే బీజం దిగనివారు వారిలో నూటికి 6.2 మంది, రాజధాని కోపెన్‌హేగన్‌లో పుట్టిన పిల్లల్లో నూటికి 1.9. చిన్న పరిశోధనే, మొత్తం 113 జతల తల్లీబిడ్డలు. ఇంత తక్కువ మందిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు అటూ ఇటూ అయితే ఆ శాతం మారిపోతుందని నాకూ తెలుసు. నన్ను ఆపింది ఆ అంకె కాదు. అది మన దేశం కాదు. అక్కడ పని భద్రతకు నియమాలున్నాయి, గర్భం సంగతి తెలిసిన వెంటనే ఆడకూలీని మందుల పని నుంచి తప్పించే ఏర్పాట్లు ఉన్నాయి. అవన్నీ ఉండగానే పిల్లల్లో ఆ తేడా కనిపించిందని ఆ పరిశోధకులే రాశారు.

ఎందుకని? గర్భమని తెలియడానికే ఐదారు వారాలు పడుతుంది. పైవారికి చెప్పడానికి మరికొన్ని వారాలు. చెప్పేవేళకు ఆదేశం వెళ్లిపోయి ఉంటుంది.

ఇక్కడి సంగతి చూద్దాం. మన దేశంలో గర్భిణి పేరు పన్నెండు వారాల్లోగా నమోదు కావాలన్నది లక్ష్యం. మా వైపు ఆశా దీదీలు మంచివారే, కొండ ఎక్కి మరీ వస్తారు. కాని అన్నీ అనుకున్నట్టు జరిగి పన్నెండో వారంలో పేరు ఎక్కినా, అప్పుడు చెప్పే జాగ్రత్త ఆ గడువులో చివరి రెండు వారాలకే పనికివస్తుంది. మూడో నెల నిండాకనే నోరు విప్పే మా ఇళ్లలో ఆ రెండు వారాలు కూడా మిగలవు. అందుచేత నేను చెప్పదలచినది ఇది: ఎవరు గర్భంతో ఉన్నారో తెలిస్తే తప్ప పనిచేయని రక్షణ ఏదైనా, ఈ విషయంలో రక్షణ కిందికి రాదు. "గర్భిణులు వాడరాదు" అన్న హెచ్చరికను ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, అది చదవవలసిన మనిషికి తాను గర్భిణినని అప్పటికి తెలిసి ఉండదు.

ఈ వాదానికి ఎదురు చెప్పేవారికి కావలసినంత సరుకుంది. మా మేనల్లుణ్ణే తీసుకుంటే, నెలలు నిండే పుట్టాడు గాని బరువు రెండు కిలోల రెండు వందల గ్రాములు. బీజం దిగకపోవడానికి తక్కువ బరువే అందరూ ఒప్పుకునే పెద్ద కారణం. తక్కువ బరువుకు మా చెల్లెలికి రక్తం లేకపోవడం, ఆ వానాకాలంలో వచ్చిన మలేరియా చాలు. మందులు తాకని ఇళ్లలోనూ నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఈ లోపం ఉంటుంది. వీడికి ఎందుకు వచ్చిందో తేల్చగల పరీక్ష ఏదీ లేదు. ఖాతా పుస్తకం తీసి తేదీలు సరిచూసినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదని ఆ రాత్రే నాకు నేను చెప్పుకున్నాను. దానితో నిద్ర పట్టిందని మాత్రం చెప్పలేను.

ప్రజల మీద జరిగిన పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పవు. కేరళలోని కాసరగోడు జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లిన ఊళ్లో 117 మంది అబ్బాయిలను, చల్లని ఊళ్లోని 90 మందిని పోల్చి, అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు 2003లో ఒక నివేదిక ప్రచురించారు. చల్లిన ఊళ్లో అబ్బాయిలు యవ్వనానికి ఆలస్యంగా వస్తున్నారని, వారి రక్తంలో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందని తేలింది. బీజం దిగకపోవడం వంటి లోపాలు కూడా అక్కడే ఎక్కువగా కనబడ్డాయి గాని, ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఆ సంఖ్యలు చాలలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా ఆ మందును నేనూ అమ్మాను.

డీడీటీ కథ ఇంకా చిక్కు. మా చిన్నతనంలో మలేరియా వాళ్లు వచ్చి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు మీద సుద్దతో తేదీ వేసి వెళ్లేవారు. ఎండాక గోడ తెల్లగా పొడి రాలేది. మేము దాని మీద వేలితో బొమ్మలు గీసేవాళ్లం. ఒంట్లో డీడీటీ మారి తయారయ్యే డీడీఈ టెస్టోస్టిరాన్ కూర్చోవలసిన పీటను ఆక్రమిస్తుందని 1995లో తెలిసింది. దక్షిణాఫ్రికాలోని లింపోపో ప్రాంతంలో 3,310 మంది మగశిశువులను పరీక్షించగా, డీడీటీ కొట్టిన ఊళ్ల తల్లుల పిల్లలకు జననాంగ, మూత్రాంగ లోపాలు వచ్చే అవకాశం 33 శాతం ఎక్కువగా కనబడింది. మరోవైపు అమెరికాలో 1960ల నాటి తల్లుల రక్తం నమూనాలలో డీడీఈ కొలిచి చూస్తే గట్టి సంబంధం ఏదీ దొరకలేదు. వీటన్నిటికీ అవతల, ఆ డీడీటీ లేకపోతే మా తరంలో ఎందరు పిల్లలు మలేరియాకు పోయేవారో అన్న ప్రశ్న ఉంది. మా పెద్దమ్మ కొడుకు అలాగే పోయాడు. కాబట్టి రసాయనం అనగానే విషం అని అరిచే గుంపులో నేను చేరలేను.

కొత్త గ్రహణం

మేనల్లుడి లోపం బయటపడినప్పుడు చెల్లెలి అత్తగారు ఒక్క క్షణం తడుముకోలేదు. "గ్రహణం నాడు కత్తిపీట పట్టుకుంది, నేను వద్దంటున్నా వినలేదు" అన్నారు. మన దగ్గర పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అంటాం; ఆ పేరులోనే తీర్పు ఉంది. బిడ్డ ఒంటి మీద ఏ తేడా ఉన్నా తల్లి ఆ రోజు ఎక్కడ తిరిగిందో, ఏం కోసిందో వెతుకుతారు. చెల్లెలు మూడున్నరేళ్లు ఆ మాట మోసింది.

అందుకే విశాఖలో ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "అవును, ఆ మందులవల్ల కావచ్చు" అంటే నేను తీసేసేది ఏమిటి? గ్రహణాన్ని తీసేసి ఆ చోట కార్బెండజిమ్‌ను పెడతాను. నింద మాత్రం అదే మనిషి మీద ఉంటుంది. కత్తిపీట పట్టుకోకుండా ఉండవలసింది అనే చోట మందు కలపకుండా ఉండవలసింది అంటారు. గర్భిణులకు ఉద్దేశించి రాసే ప్రతి జాగ్రత్తల పట్టికలో ఈ ప్రమాదం ఉంది. 2021లో 91 మంది పరిశోధకులు, వైద్యులు కలిసి గర్భిణులు పారాసెటమాల్‌ను అవసరం మేరకే, తక్కువ రోజులే వాడాలని ఒక ప్రకటన చేశారు. టెస్టోస్టిరాన్ తయారీని అది తగ్గించవచ్చన్న ఆధారాలే వారిని కదిలించాయి. ప్రకటన జాగ్రత్తగానే ఉంది. అదే మాట మా ఊరి అరుగు మీదకు వచ్చేసరికి "జ్వరం మాత్ర వేసుకుంది, పిల్లాడు అలా పుట్టాడు" అవుతుంది. మలేరియా జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న గర్భిణిని మాత్ర వేసుకోవద్దని భయపెట్టడం బిడ్డకూ తల్లికీ ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భిణిని మందుల పొలంలో పనికి పిలవకూడదని రేపు గట్టి నియమం వచ్చిందనుకుందాం. పత్తి పొలంలో కూలికి పోయే సవర పడుచు ఏం చేస్తుంది? కూలి పోతుందని ఆ సంగతి ఇంకో నెల దాచుకుంటుంది.

త్రికోణం రంగు

పురుగుమందు డబ్బా మీద త్రికోణం ఉంటుంది. ఎరుపైతే అతి తీవ్ర విషం, పసుపైతే తీవ్రం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చ అయితే స్వల్పం. ఈ రంగులను ఎలుకల్లో సగం చావడానికి ఎంత మందు కావాలో చూసి నిర్ణయిస్తారు. కిలో ఎలుక బరువుకు 5,000 మిల్లీగ్రాములకు మించి కావాలంటే ఆకుపచ్చ. అంటే ఆ రంగు చెప్పేది తాగితే చస్తారా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు. మా దుకాణానికి వచ్చేవారికి అది అన్ని ప్రశ్నలకూ జవాబు. "ఆకుపచ్చ గుర్తేనమ్మా, ఏం కాదు" అని నేను ఎన్ని వందలసార్లు అన్నానో.

కార్బెండజిమ్‌నే తీసుకోండి. తాగి చావడం కష్టం. ఎలుకకు కిలో బరువుకు ఆ 5,000 దాటినా ప్రాణం పోదు. ఐరోపా సమాఖ్య వర్గీకరణలో అదే మందు సంతానశక్తికి, గర్భస్థ శిశువుకు హాని చేయగలదిగా నమోదై ఉంది. నిజానికి అది హార్మోను దారిలో కన్నా కణవిభజనను చెడగొట్టే దారిలో పనిచేస్తుంది కాబట్టి ఈ వ్యాసం పరిధికి కొంచెం అవతలిదే. అయినా త్రికోణం ఏం చెప్పదో తెలియడానికి దానికన్నా మంచి ఉదాహరణ నా బీరువాలో లేదు. 2020 మే నెలలో కేంద్రం నిషేధించబోతున్నామని ముసాయిదా తెచ్చిన 27 మందుల్లో కార్బెండజిమ్ ఒకటి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా నిషేధించినవి మూడే: డైకోఫాల్, డినోక్యాప్, మెథోమిల్. మోనోక్రోటోఫాస్‌లో ఒక రకానికి గడువు పెట్టారు. కార్బెండజిమ్ కొట్ల బీరువాల్లోనే ఉంది.

నిషేధం ఒక్కటే దారని నేను అనను. పొడతెగులు పట్టిన మడి ముందు నిలబడ్డ రైతుకు నా వ్యాసం చదివి వినిపించలేను. కాని గర్భస్థ శిశువుకు హాని చేస్తుందని ఒకచోట తేలిన మందుకు మరోచోట ఆకుపచ్చ రంగు వేయడం ఏ రైతు మేలు కోసమో నాకు అర్థం కాదు. ఆ డబ్బా మీద రెండో గుర్తు ఉండాలి, అక్షరం రానివారికి కూడా తెలిసే బొమ్మగా ఉండాలి. మా దుకాణంలో డబ్బాతో వచ్చే కరపత్రం ఒక్కోసారి తెలుగులో ఉంటుంది, ఇక్కడి తెలుగు పిల్లలు చదివింది ఒడియా. సవర, కొంధు ఆడవాళ్లకు ఆ రెండూ పనికిరావు. పొడి మందును చేత్తో నలిపే పని లేకుండా నీళ్లలో వేస్తే సంచీతో సహా కరిగిపోయే పొట్లాలుగా అమ్మవచ్చు. అలాంటివి ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ, అందుకే మేము తెప్పించం. ఇవి ఏవీ ఎవరు గర్భంతో ఉన్నారని అడగవు. ఎవరి మౌనాన్నీ భంగపరచవు.

ఇక లెక్క. ప్రభుత్వం పిల్లల ఆరోగ్య పరీక్షల పథకంలో పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాలను వెతికి నమోదు చేయిస్తుంది. గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, గుండె లోపం ఉంది. బీజం దిగకపోవడం, మూత్రద్వారం తప్పుచోట ఉండటం ఆ తొమ్మిదిలో లేవు. బట్ట విప్పి చూస్తే అర నిమిషంలో తెలిసేవి, వేళకు చూస్తే పూర్తిగా సరిచేయగలవి. ఆ రెండిటినీ చేర్చి, పక్కనే తల్లి ఏ పని చేసిందో నిజంగా రాసే గడి ఒకటి పెడితే, పత్తి ఊళ్లకూ పత్తి లేని ఊళ్లకూ తేడా ఉందో లేదో పదేళ్లలో తెలిసిపోతుంది. లేదని తేలితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు.

చెల్లెలికి చివరకు ఏం చెప్పానంటే, "నీవల్ల కాదు, మందులవల్లో కాదో ఎవరూ తేల్చలేరు, కాని ఆ పని నీచేత చేయించడం మాత్రం మా తప్పు" అని. ఆమె ఇడ్లీ పొట్లం మడిచి, "మరి ఈ ఏడు ఎవరు కలుపుతారు?" అని అడిగింది. ఈ ఏడు మా బావే కలుపుతున్నాడు. మా అమ్మ ఫోను చేసి మరీ కనుక్కుంటోంది.

దుకాణం మూయలేదు. కార్బెండజిమ్ తెప్పించడం మానేశాను. అడిగినవారు రోడ్డు దాటి పక్క కొట్లో కొనుక్కుంటున్నారు. రబ్బరు చేతితొడుగులు గల్లాపెట్టె పక్కన వేలాడదీసి, పొడి మందు కొన్నవారికి ఉత్తినే ఇస్తున్నాను. మొన్న చవితికి రెండు రోజుల ముందు వంశధార అవతలి నుంచి ఒక కుర్ర జంట మోటారుసైకిలు మీద వచ్చింది. పెళ్లయి ఏడాది కూడా అయినట్టు లేదు. పత్తికి రెండు రకాలు, వరికి ఒకటి తీసుకున్నారు. తొడుగులు అతని చేతికి ఇచ్చి, "నువ్వే కలుపు నాయనా, చేత్తో నలపకు" అన్నాను. అతను నవ్వి, "ఇది కలుపుతుందండి, నేను కొడతాను" అని తొడుగులు చొక్కా జేబులో కుక్కుకుని బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక పక్కకు తిరిగి కూర్చుని, మందు సంచీ జారకుండా ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.